రెండో ప్రెసిడెంటు గారూ, మా మేనత్త కాలూ

మా మనవరాలు పోటీ పరీక్షకు చదువుకుంటూ, అమెరికా వైట్‌హౌస్‌లో మొట్టమొదట కాపురమున్న ప్రెసిడెంటు ఎవరని పైకే అనుకుంటుంటే, వసారాలో పేపరు చూస్తున్న నేను, రెండో ఆయనమ్మా, మొదటాయన అది పూర్తయ్యేదాకా బతకలేదు అన్నాను. పదో తరగతితో చదువాపిన తాతకు ఇదెలా తెలుసునని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది గానీ, ఆ పెద్దమనిషితో నాకున్న పరిచయం యాభై ఏళ్ళ నాటిది.

అప్పట్లో నేను తిరువూరులో ఎరువుల కొట్టులో పనిచేసేవాణ్ణి. కొట్టు కట్టేశాక వినగడప వైపు బస్సుకు గంటన్నర వ్యవధి ఉండేది. ఆ గంటన్నరా గ్రంథాలయంలోనే. అక్కడ బీరువా అడుగున, అట్ట ఊడిపోయిన ఆయన జీవితచరిత్ర దొరికింది. పొలం పనులు లేనప్పుడు చెప్పులు కుట్టిన రైతు కొడుకు ప్లీడరై, దేశానికి పెద్దయ్యాడంటే, మాలాంటి కూలి కుటుంబంలో పుట్టినవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించండి. పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని, చలికాలపు సముద్రం మీద చెక్క ఓడలో దేశం పనికి బయల్దేరాడని చదివినప్పుడు బస్సు తప్పిపోయి, అయిదు మైళ్ళు నడిచాను.

అన్నిటికన్నా నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది ఒక కేసు. పరాయి దొరతనపు సిపాయిలు ఆయన ఊరివాళ్ళ మీద కాల్పులు జరిపారు, అయిదుగురు పోయారు. ఆ సిపాయిల తరఫున వాదించడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఊరు తనను ఏమనుకున్నా సరేనని ఈయన నిలబడ్డాడు. అసలేం జరిగిందో నిదానంగా అడిగి చెప్పించాడు, చాలామందికి శిక్ష తప్పించాడు. ఆ పేజీలు నేనెన్నిసార్లు చదివానో!

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊళ్ళో పత్తితీతకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు ట్రాలీ కాలవ కట్ట దగ్గర బోల్తాపడి, మా మేనత్త కాలు విరిగింది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సంఘపెద్దలు కూర్చుని, నెలనెలా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు డ్రైవరును రానివ్వకూడదన్నారు. మా దగ్గర అదే పెద్ద శిక్ష. బల్లకు దూరమైనవాణ్ణి పనికి పిలిచేవాళ్ళుండరు, వాడి ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళుండరు. డ్రైవరు తలవంచుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, భార్య చంకలో పసిబిడ్డ.

మా నాన్న నా వైపు గుడ్లురుముతున్నా లేచాను. లేచి, నా తెలివితక్కువతనం కొద్దీ, అమెరికా రెండో ప్రెసిడెంటు గారితో మొదలుపెట్టాను. సముద్రం దాటకముందే వెనక బెంచీ నుంచి, "ఒరే అబ్బాయ్, ఆయన్నొచ్చి మన పత్తి తియ్యమను, మీ అత్త కాలు విరిగిందిగా!" అని ఎవరో అన్నారు. చర్చి అంతా నవ్వింది. చదివిందంతా ఎగిరిపోయి, మిగిలిన ఒక్క ప్రశ్నా అడిగాను: ఆ ట్రాలీలో అంతమందిని ఎక్కమన్నది ఎవరు?

కాలికి పిండికట్టుతో చాప మీద కూర్చున్న మా మేనత్తే నోరు విప్పింది. "వాడొద్దంటానే ఉన్నాడయ్యా. రెండో ట్రిప్పుదాకా ఆగితే పొద్దెక్కుద్దని మేమే ఎగబడ్డాం. ముందెక్కింది నేనే."

పెద్దలు తమ మాట వెనక్కి తీసుకున్నారు. డ్రైవరు ఆ నెల బల్ల దగ్గరికి వచ్చాడు. మా నాన్న నాతో వారం మాట్లాడలేదు.

ఫ్రాన్సుతో యుద్ధం వద్దనుకుని, రెండోసారి ఎన్నికలకు నిలబడి ఓడిపోయి, ఎవరికీ చెప్పకుండా తెల్లవారకముందే రాజధాని వదిలి పొలానికి వెళ్ళిపోయిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మొన్న విస్సన్నపేట రోడ్డు మీద షేర్ ఆటో ఒకటి పల్టీ కొట్టింది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నం భోజనాల వేళకే ఆ డ్రైవరు తాగుబోతని తేలిపోయింది, ఫొటో కూడా పెట్టేశారు. అసలేం జరిగిందో కనుక్కుందామా అని నేను ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసి పంపేసరికి, ఎవరిదో పుట్టినరోజు, దాని కింద వరసగా కేకు బొమ్మలు. ఆనాడు నన్ను చూసి అంతమందీ నవ్వారు, నిజమే. కానీ నవ్వడానికైనా నేను అన్నది విన్నారు.