పాండక్ బండికి బలం వచ్చిన ఏడు

బా పాండక్ నోరు తెరిచి పానా అడగడం నేనెప్పుడూ వినలేదు. నా షెడ్డులో బండి కింద పడుకుని, ఒక చెయ్యి మాత్రం బయటపెట్టి, "పద్నాలుగో నంబరుది ఆ డబ్బా పక్కన ఉన్నట్టుంది" అనేవాడు. ఉన్నట్టుంది, అంతే. ఇమ్మనడు. నేను వేరే పనిలో ఉంటే ఆ చెయ్యి అలాగే నేల మీద పడి ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

"అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అనేవాణ్ణి.

"రాలవు మేస్త్రీ. నేను అడిగి, నీకు ఇవ్వడం కుదరకపోతేనే కదా గొడవ" అని బండి కిందనుంచే నవ్వేవాడు.

మలేషియా కొండల్లో ఉండే వాళ్ళ సెమాయ్ జనం పద్ధతి అది. మనిషి మనసుపడి కోరినదాన్ని కాదంటే కీడు కాదన్నవాడికి రాదు, కోరినవాడికి వస్తుంది. పాము కరుస్తుంది, చెట్టు మీంచి జారిపడతాడు, కత్తి కాలి మీద పడుతుంది. దానికి పునన్ అని పేరు. అందుకని వాళ్ళు ఏదీ తేలిగ్గా అడగరు. అడిగితే మాత్రం ఎవరూ కాదనరు. బాగన్ దాతోహ్ కొబ్బరి తోటల్లో మా నాన్న కేకల మధ్య పెరిగిన తెలుగువాణ్ణి నేను. ఈ పద్ధతి నాకు అర్థం కావడానికే చాలా ఏళ్ళు పట్టింది. ఒంటబట్టడం ఇంకా జరగలేదు.

టాపా నుంచి రింగ్లెట్ వెళ్ళే పాత ఘాట్ రోడ్డు పక్కన నా షెడ్డు. అక్కడికి ఎదురుగా ఎర్రమట్టి బాట ఒకటి లోయలోకి దిగుతుంది. అడుగున లెరాంగ్ అనే వాళ్ళ ఊరు. ఎండాకాలం మోటారు సైకిళ్ళు దిగుతాయి, ఎక్కుతాయి. వాన పడితే పాండక్ ల్యాండ్ రోవర్ తప్ప ఏదీ కదలదు. తేయాకు తోటవాళ్ళు పనికిరాదని పక్కన పడేసిన బండి అది. బా అనేది మగవాళ్ళకి, వా అనేది ఆడవాళ్ళకి వాళ్ళు పెట్టే గౌరవం; పాండక్ అంటే పొట్టివాడని అర్థం. పేరుకు తగ్గట్టే సీటు మీద దిండు వేసుకుని, చెప్పులు విప్పి, వట్టి కాళ్ళతో నడిపేవాడు. హారన్ కొట్టేవాడు కాదు. దారికి అడ్డంగా కుక్క పడుకుంటే బండి ఆపి, అది లేచేదాకా చూస్తూ కూర్చునేవాడు. స్టీరింగ్ దగ్గర నేనుంటే ఆ కుక్క బతుకు వేరేగా ఉండేది.

ఆ మట్టి ఎక్కుడు సగం దాకా వచ్చేసరికి పాత ఇంజను రొప్పడం మొదలుపెట్టేది. ఇంకొంచెం పోయాక ఆగిపోయేది. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటూ, "బండికి బూద్ అట" అని దిగి నడిచేవాళ్ళు. బూద్ అంటే నాకు మనసు లేదు అని. ఆ మాట వాళ్ళలో పసిపిల్ల అన్నా సరే, తల్లి ఇంక బలవంతం చెయ్యదు. బండి అన్నా అంతే గౌరవం.

పాండక్ భార్య వా మునాకు మూత్రపిండాలు పాడయ్యేదాకా ఆ ఇంజనుతో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. వారానికి మూడుసార్లు టాపా ఆస్పత్రిలో మిషను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. తప్పితే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరి ఆడదు. మొదటి వానాకాలంలోనే రెండు మూడుసార్లు తప్పింది. ఒకసారి ఆవిణ్ణి దుప్పట్లో వేసి నలుగురు మోసుకొచ్చారు. నా షెడ్డు ముందు దించినప్పుడు ఆవిడ ముఖం నేను పోల్చుకోలేకపోయాను. అంతగా ఉబ్బిపోయింది.

ఆ తర్వాతి వారం పాండక్ వచ్చి నా బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు.

"జపాన్ డీజిలింజన్లు ఎక్కుళ్ళకి బాగుంటాయంటారు" అన్నాడు చివరికి.

"ఎవరంటారు?"

"అంటారు."

అడగడం అంటే అదే. నేను మర్నాడే ఇపో పట్నం వెళ్ళాను. జపాన్ నుంచి వచ్చిన పాత బండ్లను నడుం దగ్గర కోసి, ముందు సగాలను వరసగా పేర్చి అమ్మే గోడౌన్లు అక్కడ ఉన్నాయి. అడవి దారుల్లో తిరిగే ఒక బండి ముందు సగం నాకు నచ్చింది. రెండువేల ఎనిమిది వందల సీసీ డీజిలు. ఆయిలు మూత తీసి వాసన చూశాను, చేత్తో తిప్పి చూశాను, బేరం చేసి పట్టుకొచ్చాను.

ఇంజను మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడం అనుకుంటారు చూసేవాళ్ళు. పెట్టడం ఒక పూట పని. దాన్ని ఆ బండి సొంతది చెయ్యడానికే నెల పడుతుంది. దూలానికి చైన్ బ్లాకు కట్టి పాతదాన్ని పైకి లాగాం. కొత్త ఇంజను వెనక బోల్టులు ఒక చోట, పాత గేర్ బాక్సు బోల్టులు ఇంకో చోట. రెంటికీ మధ్య మందపాటి ఇనప పలక కోయించి, వీటికొక వరస, వాటికొక వరస బెజ్జాలు వేయించాను. ఇంజను దించి చూస్తే కింది ఆయిలు తొట్టి ముందు ఇరుసుకు తగులుతోంది. మళ్ళీ పైకి లాగి, తొట్టి కోసి, వెల్డింగు పెట్టి దించాను. రేడియేటరు ముందుకు జరపాల్సి వచ్చింది. ఇన్నిసార్లు ఎత్తి దించినా పాండక్ ఒక్కసారి విసుక్కోలేదు. వాడి వాటా విసుగు కూడా నేనే పడ్డాను.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు షెడ్డు రేకులు అదిరాయి. పాండక్ బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"గొంతు బాగుంది" అన్నాడు.

"గొంతు సంగతి తర్వాత. నా మాట విను. ఇంజనుకి బలమొచ్చింది, వెనక చక్రాలు తిప్పే యాక్సిల్ షాఫ్టులు మాత్రం ముసలివే. ఇది లాగే లాగుడంతా వాటి మీదే పడుద్ది. గట్టివి దొరికేదాకా బరువు వెయ్యకు. నువ్వు, మీ ఆవిడ, ఇంకో ఇద్దరు. అంతే."

"అలాగే మేస్త్రీ."

వాడు అలాగే అన్నప్పుడు నేను నమ్మాను. అసలు ఇబ్బంది ఎక్కడుందో నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ ఊళ్ళో ఎవరికీ పాండక్ కాదనాల్సిన అవసరం రాలేదు. కాదనే పని పాత ఇంజను చేసేది. ఎక్కుడు సగంలో బూద్ అనేది, జనం నవ్వుతూ దిగేవాళ్ళు, ఎవరి కోరికా ఎవరూ తోసిపుచ్చినట్టు కాదు. కొత్త ఇంజను బూద్ అనదు. ఎంత ఎక్కిస్తే అంత లాగుతుంది.

అది డూరియాన్ పళ్ళ కాలం. ఆస్పత్రికి వెళ్ళే రోజు తెల్లవారేసరికి అమ్మకానికి నింపిన బుట్టలతో జనం బాట పక్కన నిలబడేవాళ్ళు. ఎవరూ ఎక్కించుకోమని అనరు. ఊరికే బండి వంక చూస్తారు. చూస్తే చాలు, పాండక్ కాలు బ్రేకు మీదకి పోయేది. పెతాయ్ చిక్కుడుకాయల కట్టలు, డూరియాన్ బుట్టలు, వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్ళో కోళ్ళు. ముందు సీట్లో వా మునా.

నెల తిరక్కుండానే నిండు బరువుతో ఎక్కుడు మీద వెనక షాఫ్టు ఠప్పున తెగింది. ఇంజను మాత్రం దర్జాగా మోగుతూనే ఉంది, బండి కదలదు. జనం దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. వా మునా ఇద్దరు ఆడవాళ్ళ భుజాలు పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ రోడ్డు దాకా నడిచింది. కూరగాయల లారీ ఒకటి ఆపి ఎక్కించాను. ఆవిణ్ణి మిషను మీద పడుకోబెట్టేసరికి పెదాలు నల్లబడ్డాయట.

ఆ సాయంత్రం పాండక్‌ని దులిపేశాను.

"వద్దనడానికి నీకేం రోగం? నీ పెళ్ళాం ప్రాణం కన్నా డూరియాన్ బుట్టలు ఎక్కువా?"

"కాదు."

"మరి?"

"వద్దన్నాక వాళ్ళకేమన్నా అయితే మేస్త్రీ? పోయిన పళ్ళకాలంలో మా బావమరిది చెట్టు మీంచి పడ్డాడు. ముందురోజు వాడికి పొగాకు లేదన్నది నేనే."

రెండు రోజుల్లో గట్టి షాఫ్టులు తెప్పించి, లెరాంగ్ వెళ్ళి అక్కడే బిగించి, ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. షాఫ్టులు గట్టివైనా ఆస్పత్రి రోజున బరువు వెయ్యనివ్వదలచుకోలేదు. పొద్దున్నే బాట పక్కన నిలబడ్డ జనం ముందుకు నేనే వెళ్ళాను. పరాయివాణ్ణి నేను కాదంటే వాళ్ళకేం పునన్?

"ఇవాళ ఆస్పత్రి రోజు. ఎవరూ ఎక్కొద్దు. బుట్టలు రేపు" అన్నాను గట్టిగా.

ఒక ముసలావిడ తన బుట్ట వెనక్కి జరుపుకుంది. మిగిలినవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ తన కోసం జనాన్ని కాదనడం ముందు సీట్లోంచి వా మునా చూసింది. తలుపు తీసుకుని మెల్లగా కిందికి దిగింది.

"బూద్" అంది.

పాండక్ ఇంజను ఆపేశాడు.

ఇంకో ఊళ్ళో అయితే పదిమంది చుట్టూ చేరి బతిమాలేవాళ్ళు, తిట్టేవాళ్ళు, రెక్క పట్టుకుని బండిలో కూలేసేవాళ్ళు. నేనూ అదే చేసేవాణ్ణి. ఇక్కడ ఒక్కడూ నోరు మెదపలేదు. పాండక్ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకు చూస్తున్నాడు. నేను వాడి చెవి దగ్గరకు పోయి, "ఎక్కమని చెప్పవయ్యా" అన్నాను.

"ఆమెకి మనసు లేదు" అన్నాడు.

"మనసు లేదని వదిలేస్తే చచ్చిపోద్ది."

"తెలుసు."

వా మునా ఆ ముసలావిడ బుట్ట వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి, "మా అమ్మ డూరియాన్ చెట్ల దగ్గరకి పోవాలనుంది. జబ్బు చేశాక ఆ గట్టు ఎక్కలేదు" అంది.

ఆ చెట్లు ఊరికి అవతల గట్టు మీద ఉన్నాయి. పాత ఇంజను అటువైపు ఎప్పుడూ పోలేదు. కోరిక బయటపడింది కాబట్టి కాదనే దారి లేదు. పాండక్ స్టార్టు చేశాడు. ఆవిడ జనం వైపు తిరిగి రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. బుట్టలు ఖాళీ చేసుకుని అందరూ ఎక్కారు. నేనూ ఎక్కాను, పళ్ళు కొరుక్కుంటూ. రెండో గేరులో, రాళ్ళ మీద ఎగురుతూ, ఆ ఇంజను గట్టు మీదకు ఎక్కింది. పనివాణ్ణి కదా, అంత కోపంలోనూ నా ఛాతీ ఉబ్బింది.

చెట్ల కింద రాలిన పళ్ళు ఉన్నాయి. జనం ఏరుకోవడానికి తలో దిక్కూ పోయారు. వా మునా వేరు మీద కూర్చుంది. పాండక్ ఒక పండు కోసి ఆవిడ ముందు పెట్టాడు. ఆస్పత్రిలో మిస్సీ, అదే నర్సు, ఆవిడకు డూరియాన్ విషమని చెప్పింది. నేను లేచాను. ఆవిడ నన్ను చూసి నవ్వి, చూపుడువేలు పండు మీద ఆనించి, వేలు నాకింది. అంతే. మిగతాది నా వైపు జరిపింది.

"ఇంత చాలు మేస్త్రీ. తగిలిస్తే తిన్నట్టే. కీడు రాదు."

నేను ఆ పండు తింటూ కూర్చున్నాను. బాగుందని చెప్పడానికి సిగ్గేసింది. ఎండ పైకి వస్తోంది. మిషను దగ్గర ఆవిడ వంతు దాటిపోయి ఉంటుంది. పాండక్ ఆవిడకు కొంచెం దూరంలో కూర్చుని పుల్లతో నేల గీకుతున్నాడు.

"మునా" అన్నాడు తలెత్తకుండా. "నాకొకటి కావాలనుంది."

ఆవిడ వాడి వంక చూసింది. నేను నమలడం ఆపేశాను. ఇన్నేళ్ళలో వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు.

"నువ్వు ఉండాలనుంది. ఆస్పత్రికి పోతూ, వస్తూ, ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు. అలా నువ్వుండాలని నాకుంది."

పాండక్ ముఖం పాలిపోయింది. ఇప్పుడు ఆవిడ కాదంటే ఆ కీడు వాడికే. అలా అని ఆవిడ మెడకు ఈ మాట చుట్టడం ఇష్టంలేకే ఇన్నాళ్ళూ గొంతులో దాచుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

"దీనికి వేలు నాకితే సరిపోదు కదా" అంది వా మునా.

"సరిపోదు."

"ఇంత పెద్ద కోరిక పెట్టుకుని, రోజూ ఊరికే ఇంజను మోగిస్తూ కూర్చున్నావా?"

"ఊఁ."

ఆవిడ చెట్టు పట్టుకుని లేచింది. కాళ్ళు వాచి ఉన్నాయి, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బండి దాకా నడిచి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది.

"రా మరి. మిస్సీ తిడుతుంది" అంది.

పాండక్ కూర్చున్నచోటే ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా. నాకూ ఏడుపు వచ్చింది. బానెట్ ఎత్తి, అవసరం లేకపోయినా, ఆయిలు ఎంత ఉందో చూశాను.