యోమన్ థర్టిల్ గారి కిటికీ

ఇంగ్లండులోని మా విస్లింగ్‌హమ్‌లో జేబెజ్ థర్టిల్ గారిని "మిస్టర్" అని పిలిచి తిట్లు తినకుండా బయటపడినవాడు లేడు. ఆయన యోమన్. పెద్దమనిషికి ఒక మెట్టు కింద, కూలివాడికి ఒక మెట్టు పైన, సొంత నేల ఉన్న రైతన్నమాట. ఆ మాటని లోకం మరిచిపోయి నూరేళ్ళయిందని ఆయనకి చాలామంది చెప్పి చూశారు. కవరు మీద "యోమన్" అని లేని ఉత్తరాన్ని ఆయన విప్పకుండా తిప్పి పంపేవాడు. ఊరి పోస్ట్‌మన్ని నేను. వాటిని రెండుసార్లు మోసి చచ్చింది నేను.

"ఏడాదికి నలభై షిల్లింగులు పండే సొంత నేల ఉంటేనే యోమన్‌రా పెర్సీ!" అని గేటు దగ్గర నన్ను నిలబెట్టి పాఠం చెప్పేవాడు. "ఓటు మాకుండేది. జ్యూరీలో కూర్చుంది మేము. రాజుగారి యుద్ధాల్లో విల్లు పట్టింది మేము."

"మీరెప్పుడు పట్టారండీ?"

"మా వాళ్ళురా, మా వాళ్ళు!"

చర్చి ఫాదరు గారికి ఈయన్ని ఉడికించడం సరదా. "అసలా మాటకి పడుచువాడు అని అర్థమట, జేబెజ్. జమీందారు ఇంట్లో పనిచేసే పడుచువాడట. పండితులు అంటున్నారు."

"అయితే మాత్రం?" అన్నాడు డెబ్బై ఏళ్ళ జేబెజ్. "నేను ముసలివాడిలా కనిపిస్తున్నానా?"

ఆయన ఖర్మ ఏమిటంటే, మా దేశంలో ఏది కట్టినా రెండు రకాల మనుషుల కోసమే కడతారు. రైల్లో మొదటి తరగతి ఉంది, మూడో తరగతి ఉంది, మధ్యది ఎత్తేశారు. అందుకని ఈయన గార్డు పెట్టెలో కోళ్ళ గంపల పక్కన నిలబడి నారిచ్ పట్నం వెళ్ళేవాడు. పబ్బులో పెద్దమనుషులకి ఒక గది, కూలివాళ్ళకి ఇంకో గది. ఈయన రెండిటి మధ్య నడవాలో నిలబడి తాగేవాడు. ఇంటికి బీరు పట్టుకెళ్ళే ఆడవాళ్ళు జగ్గులతో వరసకట్టేది ఆ నడవాలోనే. వాళ్ళ మధ్య ఈయన గ్లాసు పట్టుకుని స్తంభంలా నిలబడితే చూసి నవ్వనివాడు లేడు. నేనూ కడుపుబ్బ నవ్వాను.

మా ఊరి జమీందారు దొరగారి బంగళా దగ్గర మాత్రం ఆ వేషం పరాకాష్ఠకి చేరేది. సింహద్వారం పెద్దమనుషులది, దొడ్డిగుమ్మం పనివాళ్ళది. ఈయన దొరగారు చదువుకునే గది కిటికీ ఎక్కి లోపలికి దూకేవాడు.

ఆ ఏడు ఫిబ్రవరిలో దొరగారి పశువుల కాపరి ఏమస్ పడ్నీ పోయాడు. ఇల్లు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. మార్చి ఇరవై అయిదున ఇల్లు ఖాళీ చెయ్యమని అతని పెళ్ళాం హెస్టర్‌కి ఉత్తరం వచ్చింది. దాన్ని అందించిన పాపం నాదే. ఆరుగురు పిల్లలతో కొత్త కాపరి ఆ రోజే దిగుతాడట. హెస్టర్‌కి వెళ్ళడానికి చోటు లేదు. ఆవిడ నోరు విప్పి ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇంకా అయిదు రోజులుందనగా జేబెజ్ నా సైకిలుకి అడ్డం పడ్డాడు.

"పెర్సీ, బండి అక్కడ పారేసి రా. వెనకనుంచి తొయ్యాలి."

"దేన్నండీ?"

"నన్నురా!"

ఇరవై మూడేళ్ళ కిందట మొదటిసారి దొరగారి కిటికీ ఎక్కినప్పుడు ఆయన సన్నగా ఉండేవాడు. కిటికీ పెరగలేదు, ఆయన పెరిగాడు. నడుం దాకా లోపలికి వెళ్ళి బిగుసుకుపోయాడు. గులాబీ పొదలో నిలబడి నేను ఆయన వెనక భాగాన్ని తోస్తున్నాను, మాటలేమో లోపలినుంచి వినిపిస్తున్నాయి.

"అయ్యా," అన్నాడు బట్లరు ప్రింగ్, "యోమన్ గారు వచ్చారు. సగం."

"థర్టిల్! సింహద్వారం బార్లా తీసుందే, అటు తగలడకూడదూ?" అని అరిచాడు దొర.

"అటు వచ్చేవాళ్ళు వాళ్ళ పని మీద వస్తారు దొరా. దొడ్డిదారిన వచ్చేవాళ్ళ మాట ఈ ప్రింగ్‌ని దాటి మీదాకా రాదు. నేను హెస్టర్ ఇంటి గురించి వచ్చాను."

"పోయినసారి బడిలో పొయ్యి అన్నావు! అంతకు ముందు కూలీల నూతికి గిలక! ఆ కుంటి చెప్పులవాడికి కొట్టు! వీళ్ళ కష్టాలన్నీ నీకెవడు మోస్తాడయ్యా?"

"నడవాలో జగ్గులు నిండేదాకా ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు దొరా. నాకు చెవుడు లేదు."

తోస్తున్న నా చేతులు ఆగిపోయాయి. ఆ బడి పొయ్యి దగ్గరే నా కూతురు చలి కాచుకుంటుంది. దాన్ని దొరగారే తలుచుకుని పెట్టించారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నవ్విన నవ్వంతా తలుచుకుని సిగ్గేసింది.

"మరి కొత్త కాపరిని ఎక్కడ పెట్టమంటావు? నా నెత్తినా?"

"నా ఇంట్లో. మేడ మీద నాలుగు గదులు ఖాళీ."

"ఆరుగురు పిల్లలయ్యా!"

"లెక్కలు నాకూ వచ్చు."

"నా పాలేరు నీ ఇంట్లో ఉంటే నీ యోమన్ పరువేం కాను?"

"యోమన్ ఇంట్లో ఎవరుండాలో యోమనే చెప్తాడు. అందుకే దాన్ని సొంత ఇల్లంటారు."

లోపల దొర కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది.

"సరే. హెస్టర్‌ని ఉండమను."

"ఎన్నాళ్ళు?"

"ఆవిడ ఇష్టం!" దొర గొంతు మెత్తబడింది. "ఇరవై మూడేళ్ళుగా ఈ కిటికీలోంచి ఊడిపడుతున్నావు. ఒక్కసారైనా నీకోసం ఏమన్నా అడిగావుటయ్యా?"

జేబెజ్ బయటున్న కాళ్ళు రెండుసార్లు ఆడించాడు.

"ఇప్పుడు అడుగుతున్నా దొరా. కాస్త లాగండి."

దొరగారు కోటు విప్పారు. ఒక చెయ్యి ఆయన, ఒక చెయ్యి ప్రింగ్ పట్టుకుని లాగారు, నేను తోశాను. యోమన్ గారు కిటికీ చట్రంతో సహా తివాచీ మీద పడ్డారు.

హెస్టర్ తన ఇంట్లోనే ఉంది. కొత్త కాపరి పెళ్ళాంతో, ఆరుగురు పిల్లలతో జేబెజ్ ఇంట్లో దిగాడు. వాళ్ళమ్మ వంట చేస్తే వీధి చివరిదాకా వాసన. ఏప్రిల్లో కొత్త కిటికీ చెయ్యమని వడ్రంగిని పిలిపించారు దొరగారు. కొలత ఎంతండీ అని అతనడిగితే, "నన్నడుగుతావేం? వెళ్ళి థర్టిల్ నడుం కొలుచుకో," అన్నారట.

అతను వచ్చేసరికి నేను ఉత్తరాలతో జేబెజ్ వాకిట్లోనే ఉన్నాను. వడ్రంగి టేపు చుడుతుంటే ఆయన బుద్ధిమంతుడిలా చేతులెత్తి నిలబడ్డాడు.

"రెండంగుళాలు కలిపి రాసుకో," అన్నాడు. "ఆ పిల్లలు వదిలేసిన పుడ్డింగంతా నేనే తింటున్నాను."