ఈడ్చిన ఎడమ కాలు

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. చీకటి పడ్డాక సరుగుడు తోపులోంచి ఎన్నిసార్లు ఒంటరిగా నడిచి వచ్చానో, ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. ఇప్పుడు చెప్పేదాంట్లో చనిపోయినవాళ్లు కూడా ఎవరూ లేరు. అందుకే ఇంకా అంతుపట్టదు.

మాది ఉద్దానంలో సముద్రం పక్క ఊరు. కొబ్బరి, జీడి తోటలు. ఇంటర్ అయిన వేసవిలో, తొంభై ఎనిమిది అది, పలాసలో మా పిన్ని ఇంట్లో ఉన్నాను. అక్కడ బడి మైదానంలో విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక మాస్టారు కరాటే నేర్పేవారు. సరదాకి వెళ్లి అతుక్కుపోయాను. తల దించుకోమనేవాళ్లే గానీ, తలెత్తి ఎదురుగా చూడమన్న మనిషి నా జీవితంలో ఆయనే మొదలు.

కరాటేలో కటా అని ఉంటుంది. ఎదుటి మనిషి లేకుండానే, ఉన్నాడనుకుని వరుసగా దెబ్బలు వేయడం, కాచుకోవడం. రెండో కటా సగంలో ఉండగా పిల్లలు తగ్గిపోయి క్లాసులు ఆగిపోయాయి. మాస్టారు విశాఖ వెళ్లిపోయారు, నేను మా ఊరు వచ్చేశాను.

టెక్కలిలో అడిగించాను, సోంపేటలో అడిగించాను. నేర్పేవాళ్లు ఎక్కడా లేరు. పొద్దున్నే మా తోటలో ఒక్కదాన్నే చేసుకునేదాన్ని. సగానికి వచ్చేసరికి చేయి గాల్లోనే ఆగిపోయేది. తర్వాత ఏమిటో తెలియదు. చేసినంతవరకైనా సరిగ్గా చేశానో లేదో తెలియదు. తప్పని తిట్టే మనిషి కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

అమ్మ చూసి, "ఏటే అమ్మీ, కొబ్బరిసెట్లతోటి తగువేటే నీకు? ఎవులైనా సూత్తే నవ్వుతారు గదే!" అనేది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున తోటంతా మంచు. సగానికి వచ్చి ఆగాను. ముందు వరుస చెట్ల మధ్య తెల్లటి డ్రస్సులో ఒక మనిషి, నాకు వీపు పెట్టి, అదే కటా చేస్తున్నారు. ఆయన ఆగలేదు. తర్వాతి దెబ్బ వేశారు. నేనూ వేశాను. భయం వేయలేదు, ఏడుపొచ్చింది.

చివరి మలుపులో ఆయన ఎడమ కాలు ఇసుకలో ఈడ్చి తిరిగారు. మంచులో ముఖం తెలియలేదు. నేనూ అలాగే ఈడ్చి తిరిగి, "మాస్టారూ!" అన్నాను. ఎవరూ లేరు. పరుగున వెళ్లి చూశాను. అక్కడ ఇసుక మీద మంచు తడి ఎలా పడిందో అలాగే ఉంది. అడుగులంటూ ఉంటే నావే.

మంచు దట్టంగా పడ్డ పొద్దుల్లో మరికొన్నిసార్లు కనిపించారు. కటా మొత్తం వచ్చేసింది. అమ్మతో చెబితే, "నిద్ర సాలక అలా కనబడతాదే. సద్దన్నం తినేసి తొంగో" అంది. ఎండలు వచ్చాక మళ్లీ కనిపించలేదు.

పదేళ్ల తర్వాత, పెళ్లయి విశాఖలో ఉంటూ, మా పాపను కరాటేలో చేర్చడానికి వెళ్లాను. కుర్చీలో కూర్చున్నది ఆ మాస్టారే, జుట్టు నెరిసి. చెప్పగానే గుర్తుపట్టారు. "పలాస అమ్మాయివి కదూ! నీకు సగమే నేర్పాను" అన్నారు. మిగతాది కూడా వచ్చని చెప్పి, కుచ్చిళ్లు దోపుకుని చేసి చూపించాను. పాప నోరు తెరుచుకుని చూస్తోంది.

చివరి మలుపు దగ్గర ఆయన ముఖం మారిపోయింది.

"ఆ కాలెందుకమ్మా అలా ఈడ్చావు?"

"మీరు అలాగే తిరిగేవారు కదండీ."

"పలాసలోనా? అప్పటికి నా మోకాలు బాగానే ఉందే!"

మంచులో తోటలో చూసిందంతా చెప్పాను. పలాస నుంచి వెళ్లిన కొన్నాళ్లకే ఆయన బండి మీంచి పడ్డారట. ఆ చలికాలం పొద్దున్నే డాబా మీద ఒక్కరే, కాలు ఈడ్చుకుంటూ ఆ కటా చేసేవారట. "మిమ్మల్ని సగంలో వదిలేశానని మనసు పీకేదమ్మా. మీరంతా నా వెనకే నిలబడి చేస్తున్నారనుకునేవాణ్ణి" అన్నారు.

అంతలోనే, "ఈడ్చడం తప్పు. కాలెత్తి తిరగాలి. మళ్లీ చెయ్" అని గదమాయించారు. ఆ తిట్టు కోసం పదేళ్లు ఎదురుచూశాను. కళ్లు తుడుచుకుని మళ్లీ చేశాను.

ఇదెలా జరిగిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు సరిగ్గా కాలెత్తే తిరుగుతున్నాను. ఊరెళ్లినప్పుడు మాత్రం, తోటలో మంచు పడితే, ఒక్కసారి కావాలని కాలీడ్చి తిరిగి ముందు వరుస చెట్లకేసి చూస్తాను. ఇంతవరకూ ఎవరూ కనిపించలేదు.