డ్రిల్లు టీచరుగారి భర్త

ఊరు అయిపోయి సిమెంటు గోదాములు మొదలయ్యే చోట ఉంది ఆ ప్రభుత్వ ఉన్నత పాఠశాల. పందొమ్మిదేళ్ళుగా అందులో లెక్కలు చెబుతున్న మాస్టారికి ఆ పేటలో ఇప్పుడు సొంత పేరంటూ లేదు. ఆయన డ్రిల్లు టీచరుగారి భర్త. పాలవాడికీ అంతే, మంగలికీ అంతే, ఇంటి ఓనరుకీ అంతే.

భార్య ఆ బడికి వచ్చి ఆరేళ్ళే అయింది. ఇద్దరూ ఒకచోట ఉంటే బాగుంటుందని అర్జీలు రాసి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆ బదిలీ వేయించింది మాస్టారే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించేది.

ఆవిడ వచ్చేనాటికి ఆ మైదానంలో రెండు వంకర గోల్ స్తంభాలూ, నడుం లోతు పిచ్చిమొక్కలూ ఉండేవి. ఆవిడ నెల తిరక్కుండా పిల్లల చేత మొక్కలు పీకించి, సున్నంతో ట్రాకు గీయించింది. రెండేళ్ళలో పరుగుపందేలకీ, లాంగ్ జంప్‌కీ, వాలీబాల్‌కీ జట్లు తయారయ్యాయి. ప్రార్థన సమయంలో కప్పులు పట్టుకుని నిలబడ్డ పిల్లలకి చప్పట్లు మోగడం మొదలైంది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడికి ఏనాడూ చప్పట్లు మోగలేదు.

వీధిలో ఇద్దరూ కలిసి నడిచి వస్తుంటే మేడల మీంచి, సైకిళ్ళ మీంచి "నమస్తే టీచర్!" అని కేకలు. ఆ కేక వేసిన పిల్లలే, పక్కన ఉన్నదెవరో చూడగానే ఆగివున్న లారీ చాటుకి జారుకునేవాళ్ళు. ఒకసారి ఆవిడకి మడమ బెణికి రెండు రోజులు ఇంట్లో ఉంటే, గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు కనిపించాయి. మాస్టారికి టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పడితే అటెండర్ ఒక్కడు వచ్చాడు, అదీ రిజిస్టర్‌లో సంతకం కోసం.

"మీరు కూడా కాస్త నవ్వొచ్చు కదండీ. పిల్లలు భయపడుతున్నారు" అనేది ఆవిడ.

"లెక్కలు నవ్వితే వస్తాయా?" అనేవాడు మాస్టారు. కడుపులో మంట మాత్రం చల్లారేది కాదు. పరాయివాళ్ళ మీద అసూయ పడితే కనీసం ఇంటికొచ్చి భార్యతో చెప్పుకోవచ్చు. ఈ అసూయని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ ఏడు జోనల్ పోటీలకి నెల రోజులుందనగా, స్టాఫ్ మీటింగులో హెడ్మిస్ట్రెస్ పదో తరగతి లెక్కల మార్కులు చదివి తల పట్టుకుంది. మాస్టారు వెంటనే లేచి నిలబడ్డాడు.

"ఆటల పీరియడ్లు నాకిప్పించండి మేడమ్. సాయంత్రం బడి వదిలాక గంటన్నర కూడా. పరీక్షల దాకా ఊపిరి సలపనివ్వకుండా చెబుతాను."

పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది, పోటీలయ్యాక మొదలుపెట్టినా సరిపోతుంది. అది ఆయనకీ తెలుసు. రిలే జట్టులో నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురు తన తరగతి వాళ్ళేనన్నదీ తెలుసు. మాట పూర్తిచేసి కూర్చుంటూ భార్య ముఖం వంక చూశాడు. ఆవిడ మెడలోని విజిల్ తాడు వేలికి చుట్టుకుంటోంది.

ఇంట్లో కంచాల ముందు కూర్చున్నాక అడిగింది. "ఏవండీ, రిలే పిల్లల్ని వారానికి రెండు సాయంత్రాలైనా వదలండి. కర్ర అందుకోవడం చూసి నేర్చుకునేది కాదు. చెయ్యి అలవాటు పడాలి."

"వదిలితే మిగతావాళ్ళేమంటారు? నీ పిల్లలకో న్యాయం, నా పిల్లలకో న్యాయమా?"

"నీ పిల్లలూ నా పిల్లలూ ఏమిటండీ?" అని ఆవిడ కంచం తీసుకుని లేచిపోయింది.

మూడు వారాలు మాస్టారు కిటికీ పక్కన నిలబడి త్రికోణమితి చెప్పాడు. బయట ఖాళీ మైదానం, మధ్యలో ఒంటరిగా భార్య. ఆవిడ చుట్టూ ఎవరూ లేకపోవడం చూస్తే మొదటి రోజు హాయిగానే అనిపించింది. తరువాత్తరువాత అటు చూడ్డం మానేశాడు. ఆవిడ పిల్లల్ని తెల్లవారగానే రమ్మంది కానీ, దూరం నుంచి వచ్చే ఇద్దరికి ఆ వేళకి బస్సు లేదు. నలుగురూ కలిసి కర్ర మార్చుకున్నది ఆ మూడు వారాల్లో మూడుసార్లే.

పోటీల రోజున పాయింట్లు వేయడానికి ఒక మనిషి కావాలన్నారు. లెక్కల మాస్టారు ఉండగా వేరే ఎవరెందుకని హెడ్మిస్ట్రెస్ ఆయన్నే పంపింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద గీతలు గీసుకున్నాడు. మధ్యాహ్నానికి వాళ్ళ బడి ముందుంది. చివరిది రిలే.

మూడో అమ్మాయిని అందరూ మిడత అనేవారు. కాళ్ళు అంత పొడుగు. తన వంతు పరుగులో అందర్నీ దాటి పదడుగులు ముందుకి వచ్చింది. నాలుగో అమ్మాయి వెనక్కి చూడకుండా చెయ్యి చాచి పరుగు అందుకోవాలి. చూసింది. చూడ్డంలో వేగం తగ్గి చెయ్యి పక్కకి పోయింది. మిడత కర్ర గాలిలో పెట్టింది. కర్ర నేలమీద పడి దొర్లి పక్క గీతలోకి పోయింది.

కప్పు రెండు పాయింట్ల తేడాతో పోయింది. మాస్టారు ఆ మొత్తాన్ని నాలుగుసార్లు కూడాడు.

అవతలి బడి డ్రిల్లు మాస్టారు నవ్వుతూ వచ్చాడు. "ఏంటి టీచర్, ఈసారి పిల్లలకి ప్రాక్టీసు లేనట్టుంది?"

"చాల్లేదండీ. తప్పు నాదే" అంది ఆవిడ.

పక్కనే కూర్చున్న మాస్టారికి తల కొట్టేసినట్టయింది. సిగ్గు కంటే ముందు వచ్చింది మళ్ళీ ఆ పాడు మంటే. అంత తేలిగ్గా తప్పు తన మీద వేసుకోవడం ఈ మనిషికి ఎలా వచ్చింది, నాకెందుకు రాదు, అని.

తిరుగు బస్సులో పిల్లలంతా వెనక ఆవిడ చుట్టూ చేరి ముక్కులు చీదుకుంటున్నారు. మాస్టారు ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. కాసేపటికి మిడత వచ్చి పక్కన కూర్చుంది. ఆయన దగ్గరైతే ఎవరూ ఏడవరు, ఎవరూ ఓదార్చరు. బహుశా అందుకే వచ్చింది.

"కర్ర నేను గట్టిగా పట్టుకోవాల్సింది సార్" అంది కిటికీలోంచి చూస్తూ.

"నీ తప్పు కాదమ్మా. ఆ పిల్ల వెనక్కి చూసింది."

"నేను ఎప్పుడొస్తానో దానికి తెలీదు కద సార్. రోజూ చేసుంటే తెలిసేది." వెంటనే నాలుక కరుచుకుని, "లెక్కలు కూడా ముఖ్యమే సార్. మా మంచికే కదా పెట్టారు" అంది.

మాస్టారు పాయింట్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూనే అన్నాడు. "ఆ క్లాసులు లెక్కల కోసం పెట్టింది కాదు."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

ఆవిడ చేతిలో సంచి కింద పెట్టింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ గొంతు వినలేదు. "నా మొగుడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడని మీటింగులో చెప్పమంటారా? కోపముంటే నా మీద చూపించండి. తిట్టండి, పడతాను, తిరిగి తిడతాను. ఆ పిల్లలేం చేశారండీ మిమ్మల్ని?"

నాలుగు రోజులు ఆవిడ మాట్లాడలేదు. అయిదో రోజు స్టాఫ్ రూములో అందరూ ఉండగా మాస్టారు హెడ్మిస్ట్రెస్ ముందుకెళ్ళి, ఆటల పీరియడ్లు తనకి వద్దన్నాడు. "అప్పుడు తీసుకోవడమే తప్పు. రిలే పోయింది నావల్ల, టీచర్‌ వల్ల కాదు." ఆ మాటలంటుంటే చెవులు వేడెక్కాయి. సైన్సు మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు కూడా. భార్య తలెత్తి చూసింది, అంతే. ఆ సాయంత్రం మాత్రం, "రెండో స్టాప్‌వాచ్ పట్టుకోడానికి మనిషి లేడు. వస్తారా?" అని అడిగింది.

వెళ్ళాడు. పై ఏడు రిలే గెలిచారు. మిడత అప్పటికి బడి దాటిపోయింది, ఆ గెలుపు ఆమెకి దక్కలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మాస్టారికి గుండెలో కలుక్కుమంటుంది.

అసూయ పోయిందా అంటే, పోలేదు. మైదానంలోకి అడుగుపెట్టగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "గుడ్ ఈవెనింగ్ సార్" అంటారు. భార్య కళ్ళతో సైగ చేస్తేనే అంటున్నారని ఆయన రెండో రోజే కనిపెట్టాడు. దానికీ ఒళ్ళు మండింది. మండినా ఆఖరి పిల్ల గీత దాటేదాకా వాచీ పట్టుకుని నిలబడే ఉంటాడు.