అడవి కోసం కర్చీఫ్

ఎర్రబస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకోవడం మనందరికీ తెలిసిన విద్యే. ఇంకా మొలవని అడవికి అలా సీటు ఆపడం నా ఉద్యోగం. నవ్వకండి, ద్వారకా నగర్‌లో ఆఫీసు ఏసీ కింద కూర్చుని నేను చేసేది అచ్చంగా అదే. సముద్రం ఏటికేడూ పైకొస్తోంది. ఉప్పుటేటి ఒడ్డు మడ చెట్లు పోటుకు మునిగి, ఆటుకు తేలి బతికే రకం. ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే ఊపిరాడక చస్తాయి. అంటే అడవి మెల్లగా గట్టు వైపు జరగాలి. వెనకాల ఎవరో గోడ కట్టేసి ఉంటే ఎక్కడికని జరుగుతుంది? పీతలూ, రొయ్యపిల్లలూ, కొంగలూ దాంతోపాటే గోవిందా. అందుకే ఏ నేలను ఖాళీగా వదిలెయ్యాలో ముందే చూసి, మ్యాపులో ఆకుపచ్చ రంగు వేస్తాం.

ఈ పని వచ్చిన కొత్తలో నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఊళ్లో గజం నేల దొరికితే గోడ లేపేస్తుంటే, నేల ఖాళీగా ఉంచడానికి నాకు జీతమిస్తున్నారు! ఒకరోజు మల్కాపురం వెనక ఒక ముక్క కనబడగానే కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. చదునుగా ఉంది, ఏరు పక్కనే ఉంది, గోడన్నది లేదు. చకచకా రంగు వేసేశాను. వేశాక బుర్ర వెలిగింది. అది మా గ్రౌండు. ప్రతి ఆదివారం మా బావ కెప్టెన్‌గా క్రికెట్ ఆడే గ్రౌండు.

బావంటే మా అక్క మొగుడు, రిఫైనరీలో ఫిట్టర్. చర్చిలో ఆరాధన ముగిసిన పావుగంటకి అదే తెల్ల చొక్కాతో క్రీజులో ఉంటాడు. మా వైపు అలవాటు కొద్దీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. అక్క వండిన కోడికూర ముందు పెట్టుకుని, పళ్లికిలిస్తూ విషయం చెప్పాను. ఆయన కలిపిన ముద్ద అలాగే పట్టుకున్నాడు.

"నాను బతికుండగా నా పిచ్ మీద అడవేటి బావా?"

ఆ పూటనుంచి మాటల్లేవు. ఫోన్ చేస్తే అక్క ఎత్తేది, పక్కనే ఆయన గొణుగుడు వినబడేది.

ఇంట్లో ఈ రభస చాలదన్నట్టు, ఆఫీసులో మా పెద్ద మేడమ్‌కి ఆ ముక్క మీదే అనుమానం. అక్కడ గోడౌన్లు కట్టుకుంటామని అడిగేవాళ్లున్నారట. మొలకైనా లేని చోట అడవి వస్తుందంటే ఎలా నమ్మడం అన్నారు. మేం చూస్తున్న ఫోటో ఆకాశం మీంచి ఎప్పుడో తీసింది, అందులో అంతా మట్టే. ఆదివారం వచ్చి కళ్లారా చూస్తాననీ, నమ్మకం కుదరకపోతే ఆ ముక్క గోడౌన్లకి వదిలేస్తాననీ చెప్పారు. వదిలేస్తే అడవీ లేదు, గ్రౌండూ లేదు. 

ఆదివారం గొడుగు వేసుకుని మేడమ్ దిగేసరికి మ్యాచ్ రంజుగా సాగుతోంది. బావ నన్ను చూసి కూడా చూడనట్టు బ్యాటు సర్దుకున్నాడు. ఆ కోపమంతా బంతి మీద చూపించాడేమో, అది లేచి లేచి ఏటి వైపు తుప్పల్లో పడింది. ఉన్నది ఒకే బంతి. జట్లు రెండూ తుప్పల్లోకి దూరాయి, వెనకే నేనూ, చెప్పులు చేత పట్టుకుని మేడమూ.

వంగి ఆకు పక్కకి తీశాను. మందంగా, నిగనిగలాడుతూ ఉంది. మడ మొక్క. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి, మోకాలెత్తున వరసగా, చక్కటి వంపులో. దానికి అవతల, నీళ్ల వైపు, ఇంకో వంపు, ఛాతీ ఎత్తున. ఇంత అందంగా ఎవరు నాటారని మేడమ్ అడిగారు. బంతి దొరక్క చిరాగ్గా ఉన్న బావే జవాబిచ్చాడు.

"నాటడమేటి మేడమ్, అది బౌండరీ. జెండాలు కడితే గాలికి ఎగిరిపోతన్నాయి. పోటుకి కొట్టుకొచ్చిన మడ కాయలు మునక్కాయల్లాగ పొడుగ్గా ఉంటాయి కదా, అవే గుచ్చీసినాం. నీరొచ్చేసిందని ఎనక్కి జరిగి మళ్లీ గుచ్చినాం."

నేను బురదలో చతికిలబడి నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి. నా మీద అలిగి కూర్చున్న మనిషి, నేను రంగు వేయడానికి ఎన్నో ఏళ్ల ముందే, ఫోర్లకీ సిక్సర్లకీ అడ్డం పెట్టి అడవిని పెంచేశాడు. మేడమ్ కూడా గొడుగు పక్కన పడేసి నవ్వారు. ఈ ముక్క ప్లానులో ఉంటుందని అక్కడే చెప్పేశారు.

ఆవిడ జీపెక్కాక బావ నా దగ్గరికొచ్చాడు. గోడౌన్లు ఇంక రావు కదా అని అడిగాడు. రావన్నాను. అడవి వచ్చేదాకా ఆడుకోవచ్చా అన్నాడు. హాయిగా ఆడుకోవచ్చు, అది మన పిల్లల కాలానికి గానీ ఇక్కడికి రాదన్నాను. కాసేపు పిచ్ వైపు చూశాడు. తర్వాత బురదలోంచి ఒక కాయ ఏరి, మొక్కల వరసకి ఇవతల పది అడుగులు వేసి గుచ్చాడు.

"ఇది బతికితే ఈ గ్రౌండు పోతాది కదా బావా?"

అవునన్నాను.  ఆయన కాయ పడిపోకుండా చుట్టూ బురదని మడమతో గట్టిగా తొక్కి, చేతులు తెల్ల చొక్కాకి తుడుచుకుని, బంతి దొరికిందా అని కేకేశాడు.