మొలక గిల్లిన మినుములు

మా బోటనీ మేడం పోయారని ఆదివారం సాయంత్రం తెలిసింది. మేడం చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక తీసుకెళ్ళారు. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టింది" అన్నారు. నేనప్పుడు గవర్నర్‌పేటలో మా కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతున్నాను. మూడు క్లాసులు చెప్పేశాను, నాలుగోది మిగిలింది. ఏడుపు రాలేదు. మెట్టు మీదే కూర్చున్నాను. కాసేపటికి లేచి వెళ్ళి పాఠం చెప్పాను. ఏం చెప్పానో మాత్రం అడక్కండి.

ఎమ్మెస్సీలో ఆవిడ మాకు మొక్కల ప్రొటీన్ల గురించి చెప్పేవారు. రోజూ భవానీపురం నుంచి సిటీ బస్సులో వచ్చేవారు. ల్యాబ్ ఉన్న రోజున చేతిలో తడి గోనెసంచి ఉండేది. అందులో చేపల మార్కెట్లో కొన్న ఐసుగడ్డ. ఆకును నూరేటప్పుడు కల్వం వేడెక్కితే అందులోని ఎంజైము పాడైపోతుంది. కాలేజీ ఫ్రిజ్ పనిచేసిన రోజుల కన్నా పడుకున్న రోజులే ఎక్కువ. బస్సులో ఎవరో, ఏం చేపలండీ అని అడిగితే, చేపలు కాదండీ తోటకూర కోసం అన్నారట. ఆ అడిగినాయన లేచి వేరే సీట్లో కూర్చున్నాడని చెప్పి నవ్వేవారు.

పాఠం చెప్పేటప్పుడు మాలో ఎవరి చున్నీయో అడిగి తీసుకుని బారుగా పట్టుకునేవారు. ఇది గొలుసు అనేవారు. తర్వాత దాన్ని మడిచి, మెలితిప్పి, ముడేసి, బల్ల మీద పెట్టి, "గొలుసు తయారవడం సగం పనేనమ్మా. సరిగ్గా మడత పడితేనే అది పనికొస్తుంది" అనేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే ఎంజైమంటే ఆవిడకి ప్రత్యేకమైన అభిమానం. ఎంజైముల్లోకెల్లా అది బద్ధకంగా, నత్తనడకన పనిచేస్తుంది. అందుకే ఆకు దాన్ని అంత ఎక్కువగా తయారు చేసుకుంటుంది. "నెమ్మదిదే గానీ మనందరికీ అన్నం పెడుతున్నది అదేనమ్మాయ్" అనేవారు. ఇప్పుడు నేను ఆ పాఠాన్ని అరగంటలో, నాలుగు ఆప్షన్లలో ఒకటిగా చెప్పేసి చేతులు దులుపుకుంటున్నాను.

ఇంక అసలు సంగతి రాయాలి. ఇది రాయకుండా ఆవిణ్ణి పొగిడితే దొంగతనం చేసినట్టుంటుంది.

మా వైపు వరి కోతకు ముందే తడి మాగాణిలో మినుములు చల్లేస్తారు. కోతయ్యాక అవి దుబ్బుల మధ్యే మొలిచి, మళ్ళీ నీళ్ళు పెట్టకుండా, భూమిలో ఉన్న పదునుకీ మంచుకీ పండుతాయి. అలా పండిన గింజలో దాగిన ప్రొటీన్లు, నీళ్ళు పెట్టి పండించిన గింజలోవీ ఒకటేనా అని మేడం ప్రశ్న. ఉయ్యూరు అవతల ఒక రైతు దగ్గర రెండు రకాలూ తెచ్చారు. నీటి మినుముల్ని ఆవిడే పొడిగా దంచి సిద్ధం చేశారు. మాగాణి మినుములు నా ప్రాజెక్టు కింద ఇచ్చారు.

దంచే ముందు పొట్టు తీయాలి, నాకు ఊడలేదు. ఇంట్లో గారెలకి ఏం చేస్తాం? నానబెడతాం. శనివారం నీళ్ళలో వేసి వెళ్ళాను. సోమవారం వచ్చి చూస్తే ప్రతి గింజకీ తెల్లటి మొలక. మేడం నా వంతుకిచ్చిన గింజలన్నీ అవే. భయమేసింది. కూర్చుని ఒక్కొక్క మొలకా గిల్లి పారేసి, గింజల్ని ఆరబెట్టి దంచి, చెప్పకుండా ఊరుకున్నాను. మొలకెత్తేటప్పుడు గింజ తను దాచుకున్న ప్రొటీన్లని ముక్కలు చేసుకుని వాడుకుంటుందని ఆ ఏడాది పరీక్షలో నేనే రాశాను కూడా. చేతికి మాత్రం గారెల పద్ధతే తెలుసు.

జెల్ అనే మెత్తటి పలక మీద ప్రొటీన్లు బరువును బట్టి నీలి గీతలుగా విడిపోతాయి. నా గింజల్లో, నీటి మినుముల్లో లేని చిన్న గీతలు కింది వైపు కనిపించాయి. మేడం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆవిడంత సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. యూనివర్సిటీ సెమినార్‌కి పేపరు పంపితే తీసుకున్నారు. వెళ్ళే ముందు తన దగ్గర మిగిలిన మాగాణి గింజలతో మరోసారి చేశారు. ఆ గీతలు రాలేదు. పొరపాటు తనదేనని ఉత్తరం రాసి పేపరు వెనక్కి తీసుకున్నారు. స్టాఫ్‌రూములో చాలా రోజులు నవ్వుకున్నారు. నాకు ఫస్ట్ క్లాసొచ్చింది. తర్వాత రెండేళ్ళకి ఆవిడ రిటైరయ్యారు, ఇంకో పేపరు రాయలేదు.

పన్నెండేళ్ళు ఏటా రెండుసార్లు ఆవిడింటికి వెళ్ళి, టీ తాగి, ఆ సంగతి చెప్పకుండానే తిరిగొచ్చాను. నెల కిందట కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని విని వెళ్ళాను. మనిషి సగమైపోయారు. ప్రొటీన్ తగ్గించమన్నారు డాక్టరు, జీవితమంతా దాని గురించే మాట్లాడినందుకేమో అని ఆవిడే నవ్వారు. ఇంక ఆగలేకపోయాను.

"మేడం, ఆ మినుములు నేను నానబెట్టాను. మొలకలొస్తే గిల్లేశాను. మీకు చెప్పలేదు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"తెలుసమ్మాయ్. గీతలు రాకపోయేసరికి, నేనూ కాసిని నానబెట్టి, మొలక గిల్లి చూశాను. అచ్చం నీ గీతలే వచ్చాయి."

మరి నన్నెందుకు అడగలేదు మేడం అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివి. అడక్కుండా చెప్తావేమోనని చూశాను. చాలా ఏళ్ళు చూశానమ్మా. తర్వాత అలిసిపోయాను."

క్షమించానని ఆవిడ అనలేదు, అనమని అడిగే మొహం నాకూ లేదు. ఇంతలో చెల్లెలు గారు ఇద్దరికీ కంచాలు పెట్టారు. మేడం కంచంలో కాస్త అన్నం, ఉప్పులేని సొరకాయ కూర. నా కంచం పక్కన మాత్రం, ఆవిడ తినకూడని పప్పు గిన్నెడు. మేడం ఆ గిన్నెని ఇంకాస్త నా వైపు జరిపి, కలుపుకో అన్నారు. ఆవిడ ముద్ద ముట్టలేదు. అడుగున మిగిలింది కూడా నేను వేసుకునేదాకా నా కంచం మీంచి చూపు తిప్పలేదు.