గెసీన కంపు పిన్ని కాదు

బ్రెమర్‌హాఫెన్ చేపల రేవులో గెసీన ల్యూర్స్ నోటికి జడవని మేస్త్రీ లేడు. పంతొమ్మిదేళ్ళు నేను ఆమె పక్కనే నిలబడి చేపలు కోశాను. మంచు నీళ్ళలో చేతులు పెట్టి, కాడ్ చేప పొట్ట చీల్చి, ముల్లు తీసి, ముక్కను బల్ల మీదికి జార్చడం మా పని. తొమ్మిది గంటలయ్యేసరికి వేళ్ళు మనవి కాకుండా పోయేవి. సరిగ్గా అప్పుడే గెసీన మొదలుపెట్టేది.

ఆడవాళ్ళు పాయిఖానాలోనే కాపురం పెడుతున్నారని ఒకసారి మేస్త్రీ హార్మ్స్ అందరి ముందూ గొణిగాడు. గెసీన కత్తి కూడా కింద పెట్టలేదు.

"మీకేం సార్, గోడ దొరికితే చాలు. మాకు ఏప్రన్ కింద ప్యాంటు, ప్యాంటు కింద ఉన్ని ప్యాంటు, దాని కింద మా అమ్మ అల్లిందింకోటి. అన్నీ దింపేసరికి వచ్చిన పని కాస్తా వెనక్కి పోతుంది" అంది.

హార్మ్స్ ముఖం ఉడికించిన రొయ్యలా ఎర్రబడింది. మా బల్ల దగ్గర పన్నెండు మందిమి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం. వేళ్ళలోకి కాస్త రక్తం వచ్చింది. ఆమె మాటలన్నీ పచ్చివే. తన లావు మీద, తన పిరుదుల మీద, మొగుడు హిన్నెర్క్ కడుపు ఉబ్బరం మీద ఎన్ని చెప్పేదో. కానీ పక్కనున్న మనిషి నొచ్చుకుంటుందనిపిస్తే నోటి దాకా వచ్చిన మాటను మింగేసేది. అది నేను చాలాసార్లు చూశాను.

హిన్నెర్క్ చేపల ఓడల్లో వంటవాడిగా తిరిగి, ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున ఉండేవాడు. పంతొమ్మిది వందల తొంభైలో, నవంబరు నెలలో పోయాడు. పూడ్చిపెట్టి వచ్చాక చర్చి పక్క గదిలో కాఫీకి, వెన్న కేకుకు కూర్చున్నాం. ఎవరూ తల ఎత్తలేకపోతున్నారు. కూతురు ఆంట్యె కేకు ముక్కను చెంచాతో పొడుస్తూ కూర్చుంది. గెసీన కప్పు పట్టుకుని లేచి నిలబడింది.

"ముప్ఫై ఏళ్ళు ఈయన వదిలిన గాలికి కిటికీ తెరుచుకునే పడుకున్నా. జనవరిలో కూడా. నిన్న మొదటిసారి మూసుకుని పడుకున్నా. ఊపిరాడలేదు."

మూసుకుని పడుకున్నా అనేంతవరకూ గది గొల్లున నవ్వింది. ఆఖరి మాటకు ఆ నవ్వే ఏడుపయింది. ఆంట్యె తల్లి నడుము చుట్టూ చేతులు వేసి అక్కడే ముఖం దాచుకుంది. మాతో పనిచేసే టోర్బెన్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు. వాడూ ఏడ్చాడు.

టోర్బెన్ మా షెడ్డులో చేపల పెట్టెలు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ముప్ఫైకి దగ్గర పడ్డ మనిషి, పెద్దగా మాట్లాడడు. తీరిక దొరికితే అట్టపెట్టెల మూతల మీద లావు పెన్సిలుతో మా బొమ్మలు గీసేవాడు. గెసీన బొమ్మకు 'కంపు పిన్ని' అని పేరు పెట్టాడు. చుట్టూ ఈగలు, చేతిలో బీరు సీసా, వెనక పొగ. ఆ బొమ్మలు చిన్న పుస్తకంగా అచ్చయితే గెసీన అయిదు కాపీలు కొని చుట్టాలకు పంచింది. తర్వాత టోర్బెన్ పని మానేసి హాంబుర్గ్ వెళ్ళాడు. ఆ రోజుల్లో దేశమంతా పెద్దవాళ్ళ కోసం తీసిన కార్టూన్ బొమ్మల సినిమాలకు ఎగబడుతోంది. ఎంత పచ్చిగా ఉంటే అంత జనం. కంపు పిన్నిని సినిమాగా తీయడానికి వాడికి మనుషులు దొరికారు.

ఒకరోజు వాడు గెసీన ఇంటికి వచ్చాడు. గొంతు ఇవ్వడానికి పెట్టుకున్న నటి రేవు యాస పలకలేకపోతోందని, గెసీనే ఇవ్వాలని బతిమాలాడు. గెసీన కాగితం మీద సంతకం పెట్టింది. సెలవు పెట్టి, నన్ను తోడు రమ్మంది. ఇద్దరం రైల్లో హాంబుర్గ్ వెళ్ళాం.

మొదటి రోజు పండగే. మైకు ముందు గెసీన తేన్చింది, తిట్టింది, రాసివ్వని మాటలు కూడా చెప్పింది. అద్దం అవతల యంత్రాలు చూసుకునే కుర్రాళ్ళు కుర్చీల్లోంచి జారిపోయారు. ఆమె ముఖంలో అంత వెలుగు హిన్నెర్క్ పోయాక నేను చూడలేదు.

రెండో రోజు టోర్బెన్ ఇంకో కాగితం ఇచ్చాడు. కంపు పిన్ని మొగుడి అంత్యక్రియల సన్నివేశం అది. ఆవిడ శవపేటిక మీద కూర్చుంటుంది, అడుగునుంచి గాలి వదులుతుంది, మూత ఎగిరి పాస్టరు నెత్తిన పడుతుంది. అప్పుడు ఆవిడ చెప్పే మాట కిటికీ మాట. నిన్న మొదటిసారి మూసుకుని పడుకున్నా అన్న దగ్గర ఆగిపోయింది.

గెసీన కాగితాన్ని తిప్పి వెనక వైపు చూసింది. అక్కడేమీ లేదు.

"ఇంకో మాట ఉండాలి కదా ఇక్కడ" అంది.

"అది పెడితే హాలు ఏడుస్తుంది గెసీనా. మనది నవ్వుల సినిమా" అన్నాడు టోర్బెన్.

"ఆ రోజు నువ్వూ ఏడ్చావుగా."

టోర్బెన్ నేల చూపులు చూశాడు. తన చేతుల్లో ఏమీ లేదని, డబ్బు పెట్టినవాళ్ళకు నచ్చిందే ఆ సన్నివేశమని చెప్పాడు. లేచి వెళ్ళిపోదాం పదమని నేను చెయ్యి పట్టుకుని లాగాను. గెసీన కదల్లేదు. ఒప్పుకున్న పని మధ్యలో వదిలేసే అలవాటు ఆమెకు లేదు. చేపల బల్ల దగ్గరా లేదు, అక్కడా లేదు. మైకు దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పింది. ఇంకాస్త హుషారుగా అన్నారు. ఇంకాస్త హుషారుగా చెప్పింది.

సినిమా విడుదలైన శనివారం మా బల్లవాళ్ళమంతా కలిసి వెళ్ళాం. హాలు కిటకిటలాడింది. శవపేటిక మూత ఎగరగానే జనం కాళ్ళతో నేల తన్నుతూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానని ఈనాటికీ నన్ను నేను అడుగుతుంటాను. మూత పాస్టరు నెత్తిన పడిన తీరు అలాంటిది, ఆగలేకపోయాను. పక్కకి తిరిగి చూస్తే గెసీన కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.

మర్నాడు ఆంట్యె గెసీన ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఆంట్యె గొంతు పెంచలేదు.

"నాన్న గురించి మన ముందు చెప్పిన మాట అమ్మా అది. దాన్ని టికెట్టు పెట్టి ఊరందరికీ అమ్మేశావు. ఇంకెవరైనా చేస్తే నువ్వు కత్తి తీసుకుని పోయేదానివి."

గెసీన తల ఊపింది, అంతే. ఆఖరి మాట వాళ్ళే తీసేశారని నేను చెప్పబోతే చేత్తో వారించింది. ఆంట్యె వెళ్ళిపోయాక ఎందుకు చెప్పనివ్వలేదని గట్టిగానే అడిగాను.

"వినబడేది నా గొంతే కదే మార్లీస్" అంది.

ఆ ఏడాదంతా బస్సు స్టాపులో, రొట్టెల కొట్లో, ఎవరో ఒకరు ఆమె గొంతు గుర్తుపట్టి, కిటికీ మూశావా పిన్నీ అని అడిగేవారు. వాళ్ళలో చాలామందిది వెటకారం కాదు. ప్రేమగానే అడిగేవారు, భుజం తట్టేవారు. ఆమె నవ్వు ముఖం పెట్టి తప్పుకునేది. బల్ల దగ్గర మాత్రం నోరు విప్పడం మానేసింది. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి ఏదైనా చెప్పమని అడిగితే, సినిమాలో ఉంది చూసుకో అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. తొమ్మిది గంటలకు వేళ్ళు మొద్దుబారితే మొద్దుబారినట్టే పని చేశాం.

ఆంట్యెది ఓల్డెన్‌బుర్గ్‌లో కాపురం. ఆ రోజు తర్వాత ఎనిమిదేళ్ళు రాలేదు. క్రిస్మస్‌కు కార్డు వచ్చేది, అందులో పేరు తప్ప మరో మాట ఉండేది కాదు. ఒకసారి గెసీన తనే బయలుదేరి వెళ్ళింది. ఆంట్యె కాఫీ ఇచ్చిందట, వాతావరణం గురించి మాట్లాడుకున్నారట, బస్సు టైమయిందని ఆంట్యెయే గుర్తు చేసిందట. అంతకు మించి గెసీన నాకేమీ చెప్పలేదు.

టోర్బెన్ రెండు ఉత్తరాలు రాశాడు. రెండూ విప్పి చదివింది. జవాబు రాయలేదు. వాణ్ణి తిట్టనూ లేదు.

చివరికి గెసీనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఆంట్యె రావడం మొదలుపెట్టింది. రెండు వారాలకోసారి ఆదివారం వచ్చి సూపు కాచేది, గోళ్ళు తీసేది. ఒకసారి కూతురు వీబ్కెను కూడా తెచ్చింది. వీబ్కెకు పద్నాలుగేళ్ళు. కంపు పిన్ని మా అమ్మమ్మే అని బళ్ళో గొప్పగా చెప్పుకుందట. ఆ సినిమా వీడియో క్యాసెట్టు డబ్బా తెచ్చి దాని మీద సంతకం పెట్టమంది. ఆంట్యె లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. గెసీన ఎడమ చేత్తో, చాలాసేపు పట్టి, గెసీన ల్యూర్స్ అని రాసింది. కంపు పిన్ని అని కూడా రాయవా అని వీబ్కె అడిగింది. గెసీన పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

ఫిబ్రవరిలో గెసీన పోయింది. నెల తర్వాత ఆంట్యె నాకు ఫోను చేసింది. అమ్మ గొంతు ఉన్న క్యాసెట్టు ఏదైనా మీ దగ్గరుందా అని అడిగింది. పుట్టినరోజుదైనా సరే, బల్ల దగ్గర కబుర్లయినా సరే, మామూలుగా మాట్లాడింది ఏదైనా సరే అంది. మా ఇంట్లో గొంతు రికార్డు చేసే యంత్రం ఎప్పుడూ లేదు. బల్లవాళ్ళందర్నీ అడిగి చూశాను. ఎవరి దగ్గరా లేదు. ఆ సంగతి చెప్పడానికి తిరిగి ఫోను చేశాను.

"అయితే ఆ సినిమాలోదే ఉందన్నమాట" అంది ఆంట్యె.

అవునన్నాను. ఆమె పెట్టేసేదాకా నేను ఫోను పెట్టలేదు.